ఉన్మత్తుని ప్రశ్న: ఆడిన్ బలూ, టాల్‌స్టాయిల లేఖావ్యవహారము

అహింసావాద చరిత్రమును బోధించువారును, పరిశోధించువారును సామాన్యముగా టాల్‌స్టాయి, గాంధీల నడుమ 1909, 1910 సంవత్సరములలో నడచిన లేఖలతో తమ కథ నారంభింతురు. ఆ లేఖలకు గల ప్రసిద్ధి న్యాయమైనదే. కాని వానికి 20 ఏండ్లకు ముందే టాల్‌స్టాయి మఱియొక శాంతివాదితో నిదే విషయమును గూర్చి యుత్తర ప్రత్యుత్తరములు నడపెను. ఆ రెండవవాడు అమెరికా దేశమునందు మసచూసెట్స్ రాష్ట్రమున హోప్‌డేల్ అను చిన్న యూర నివసించుచుండిన క్రైస్తవ మతాచార్యుడు, ఆడిన్ బలూ. అప్పటికి బలూ వయస్సు 86 ఏండ్లు. టాల్‌స్టాయి వయస్సు 61. ఒకరినొకరు చూడలేదు. లేఖలు కొలదియే గాని, అందు తలయెత్తిన వివాదము మాత్రము కొలదిది కాదు. గాంధీ లేఖలందు గురుశిష్య భావమే ప్రధానము. అచ్చట నొకరు చెప్పిన దానిని రెండవవారు కాదనుట యరుదు. బలూ లేఖలందు సమానులు వాదించుకొనిరి. ఒక సిద్ధాంతముయొక్క బలాబలములు తెలియవలెనన్న వందన వచనములకంటె నిట్టి వాదమే మనకెక్కువ యుపకరించును. ఈ వ్యాసమున మేము దానినే పరిశీలింప దలచితిమి.

బలూ 1803 లో రోడ్ ఐలండ్ రాష్ట్రమునందు జన్మించెను. అతడు గొప్ప పాఠశాలలలో చదివినవాడు కాడు, వ్యవసాయదారుల బిడ్డ. యౌవనముననే మతబోధకుడై, బానిసత్వ నిర్మూలనోద్యమమునను మద్యపాన నిషేధోద్యమమునను పాలుగొనెను. 1838 సెప్టెంబరు మాసమున బోస్టను నగరమందు విలియం లాయిడ్ గారిసన్ ప్రభృతులు సభచేసి, ఏ కారణముచేతను మనుష్యుని ప్రాణమునకు హాని చేయరాదను ప్రకటనమును వెలువరించిరి. యుద్ధమును, మరణశిక్షను, సైన్యమును మాత్రమే కాక, ఆయుధబలముపై నిలుచు ప్రభుత్వములో నుద్యోగము చేయుటను గూడ వారు నిరాకరించిరి. ఆ సభనుండి పుట్టినదే న్యూ ఇంగ్లండ్ అప్రతీకార సంఘము. బలూ కొలది కాలమునకే యందు చేరి, 1843 లో దాని కధ్యక్షుడయ్యెను. 1846 లో 'క్రైస్తవ అప్రతీకారము' అను గ్రంథమును ప్రకటించెను. ఆ సిద్ధాంతమును శాస్త్రపద్ధతిని నిర్వచించి, ఆక్షేపములకు సమాధానములు చెప్పి, దృష్టాంతములతో నిలువబెట్టిన తొలి గ్రంథములలో నదియొకటి.

ఇచ్చట పరిభాషను గూర్చి యొక మాట చెప్పవలసియున్నది. ఇంగ్లీషున 'నాన్ రెసిస్టెన్స్' అను పదమునకు మేము 'అప్రతీకారము' అను పదమును వాడుచున్నాము. 'అప్రతిఘటనము' అన్నచో చెడుగును చూచి యూరకుండుట యను నర్థము వచ్చును. బలూ యుద్దేశ్య మది కాదు. ఏసుక్రీస్తు పర్వత ప్రసంగమునందు, కంటికి కన్ను, పంటికి పల్లు అను పూర్వధర్మమును తలచి, దానికి బదులుగా నూతనధర్మమును బోధించెను. కావున నచ్చట నిషేధింపబడినది కీడునకు కీడు చేయుటయే గాని, కీడును సన్మార్గముల నెదుర్కొనుట కాదని బలూ వాదించెను. ఆ వాక్యమునకు మూలమైన గ్రీకు పదము దుష్టత యనియు, దుష్టుడనియు నిరుతెఱగుల నర్థమిచ్చునది. తెలుగు బైబిలు అనువాదకులు రెండవ యర్థమును గ్రహించిరి. అనువాదమున నీ చిన్న భేదము కనబడకపోవచ్చును గాని, సిద్ధాంతమున నిది పెద్ద భేదమే. చెడుగు నెదిరింపరాదనుట వేఱు, చెడ్డవానికి చెడుగు చేయరాదనుట వేఱు. బలూ యావజ్జీవము నీ రెండవదానినే పట్టుకొనియుండెను.

సిద్ధాంతము పుస్తకములందు మాత్రమే యుండిన చాలదని తలచి, బలూ తన సహచరులతో 1841 లో నొక సమాజమును స్థాపించెను. మరుసటి యేడు వారు మిల్‌ఫర్డు సమీపమున నొక పాతబడిన వ్యవసాయ క్షేత్రమున కాపురముండసాగిరి. అదియే హోప్‌డేల్. అందు నివసించువారు మద్యమును ముట్టరు, ఆయుధములు పట్టరు, ఎన్నికలలో వోటు వేయరు, ప్రభుత్వోద్యోగము చేయరు, న్యాయస్థానములకు పోరు. కాని వారు సంపూర్ణ సమష్టివాదులు కారు. సమాజముయొక్క మూలధనము వాటాల రూపమున నుండెను. ఎక్కువ వాటాలు కొన్నవాని కెక్కువ ధనము చెందును. ఈ వాటాల సంగతి యిప్పటికి చిన్నదిగా కనుపించును. పాఠకులు దీనిని జ్ఞప్తియందుంచుకొన గోరుచున్నాము.

1856 లో నా సమాజము విచ్ఛిన్నమయ్యెను. మూలధనములో మూడువంతులకు పైగా ఎబెనీజర్ డ్రేపర్, జార్జి డ్రేపర్ అను సోదరుల వశమున నుండెను. సమాజపు లెక్కలు సరిగా లేవని వారు తమ ధనమును ఉపసంహరించుకొనిరి. వారిని కాదనుటకు మిగిలినవారికి శక్తి లేకపోయెను. ఊరు డ్రేపర్ కుటుంబము వారిదయ్యెను. అటుపిమ్మట నేతమగ్గముల యంత్రములకు ప్రసిద్ధికెక్కిన కర్మాగారము అచ్చట పెరిగెను. జార్జి డ్రేపరు కుమారుడు, అప్రతీకారవాదుల నడుమ పెరిగిన విలియం డ్రేపర్, 1861 లో నారంభమైన అమెరికా అంతర్యుద్ధమున సైనికుడై పోరాడి సేనాని పదవి నందెను. ఆ యుద్ధకాలమున గారిసన్ మొదలగు పూర్వ సహచరులనేకులు, బానిసత్వము పోవుటకు యుద్ధము తప్పదని సమాధానపడిరి. 1859 లో జాన్ బ్రౌన్ సాయుధుడై దాడి వెడలినపుడు వారిలో పెక్కండ్రు అతనిని వీరుడని పొగడిరి. బలూ మాత్రము చలింపలేదు. బానిసత్వమును ద్వేషించుచునే, దానిని కత్తితో తెగవేయుటను నిరాకరించెను. తత్ఫలితముగా నతడు లోకమునకు విస్మృతుడయ్యెను. హోప్‌డేల్ చర్చిలో బోధకుడుగా పెక్కేండ్లు గడపెను.

టాల్‌స్టాయి కథ వేఱు దిశనుండి వచ్చినది. సుప్రసిద్ధ నవలలు వ్రాసిన పిమ్మట, 50 ఏండ్లు దాటిన వయస్సున నతనికి మహత్తరమైన మనఃపరివర్తనము కలిగెను. 1884 లో 'నా విశ్వాసము' అను గ్రంథమును రచించి, పర్వత ప్రసంగమునందలి యప్రతీకార వాక్యమే క్రైస్తవ ధర్మమునకు తాళపుచెవి యని ప్రతిపాదించెను. రష్యా ప్రభుత్వమా గ్రంథమును నిషేధించెను. అనువాదములు మాత్రము పరదేశములందు వ్యాపించినవి. అది చదివి గారిసన్ కుమారుడు 1838 నాటి ప్రకటనమును టాల్‌స్టాయికి పంపెను. తాను క్రొత్తగా కనుగొంటినని తలచిన సత్యమును అర్ధశతాబ్దికి పూర్వమే అమెరికాలో కొందఱు ప్రకటించి, ఆచరించి, మఱచిపోయిరని తెలిసి టాల్‌స్టాయి విస్మయము చెందెను. బలూ సైతము 1886 లో టాల్‌స్టాయి గ్రంథమును చదివెను. కాని యందలి నీతిబోధ కొంత మెచ్చుకొన్నను, తత్త్వభాగము నతడు మెచ్చలేదు. మోటుగాను, అర్థరహితముగాను ఉన్నదని తన దినచర్యలో వ్రాసికొనెను. ఇట్లు లేఖలు మొదలగుటకు ముందే యొకవైపున కొంత యసంతృప్తి యుండెనని గ్రహింపవలెను.

1889 లో హోప్‌డేల్ నందు మతాచార్యుడుగా నుండిన లూయిస్ విల్సన్, బలూయొక్క గ్రంథములను ఛాయాచిత్రమును టాల్‌స్టాయికి పంపెను. ఆ వేసవిలో టాల్‌స్టాయి విల్సనునకు సమాధానము వ్రాసెను. ఈ లేఖల తేదీలను గూర్చి పరిశోధక విద్యార్థులు జాగరూకులై యుండవలెను. రష్యాలో నప్పటికి పాత పంచాంగమే వాడుకలో నుండెను. 19వ శతాబ్దమున నది పాశ్చాత్య పంచాంగమునకు 12 రోజులు, 20వ శతాబ్దమున 13 రోజులు వెనుకబడియుండెను. ఒకే లేఖకు రెండు పుస్తకములలో రెండు తేదీలు కనుపించుటకు తఱచుగా నిదియే కారణము. ఒకదానిని తప్పని కొట్టివేయుట తొందరపాటగును.

విల్సనునకు వ్రాసిన ఆ లేఖలో టాల్‌స్టాయి బలూను మనసార ప్రశంసించెను. అతని కృషి తనకు పరమానందము కలిగించినదనెను. పిమ్మట నేమాత్రము దాపఱికము లేక తన భేదాభిప్రాయములను తెలిపెను. వానిలో ముఖ్యమైనవి రెండు. బలూ తన గ్రంథమునందు, ఉన్మత్తులను, త్రాగి మైమఱచినవారిని, జ్వరసంధిలో నుండు రోగులను, హానిచేయని రీతిగా బలముతో పట్టియుంచుట ధర్మమేయని చెప్పియుండెను. టాల్‌స్టాయి దీని నంగీకరింపలేదు. గురువు ఏ మినహాయింపునూ ఇయ్యలేదు గావున మనమును ఇయ్యరాదనెను. నిజమైన క్రైస్తవుడు ఉన్మత్తుని స్వాతంత్ర్యము నపహరించుటకంటె వాని చేత చచ్చుటనే కోరుకొనునట! రెండవది ఆస్తి విషయము. క్రైస్తవునకు ఆస్తిహక్కు లేకుండుట మాత్రమే కాదు, ఆస్తియను మాటకే యర్థము లేదనెను. ఎవరైన తీసికొనిపోవు వఱకు వస్తువు నుపయోగించుకొనును, తీసికొనిపోయినచో కాపాడుకొనలేడు, కాపాడుకొనలేనిది తనదని యెట్లనగలడు? క్వేకరులకును, హోప్‌డేల్ సమాజమునకును ఆస్తియే ఆయువుపట్టైన బలహీనస్థానమని యతడు తేల్చిచెప్పెను. ప్రభుత్వమును సైతము, క్రమబద్ధమైన హింస తప్ప వేఱొండు కాదని కొట్టివేసెను.

హోప్‌డేల్ కూలిన 33 ఏండ్లకు, దానిని కన్నులార చూడనివాడు, దానిని కట్టి పోగొట్టుకొన్న వృద్ధునకు వ్రాయించి పంపిన తీర్పిది. బలూ మనస్సు నొచ్చియుండవలెను. అయినను 1890 జనవరిలో నతడు వ్రాసిన ప్రత్యుత్తరమందు మర్యాద లేశమైనను తప్పలేదు. వాదమును విడువనూ లేదు. పిచ్చివానిని హాని లేకుండ ఆపుట వానికిని మేలు, ఇతరులకును మేలు. దానిని హింసయని పిలిచినచో తల్లి బిడ్డను నిప్పులో పడనీయక పట్టుకొనుట గూడ హింసయే కావలసివచ్చునని అతని వాదసారము. మనుష్యునకు తిండి, బట్ట, నివాసము కావలెను. వానిని శ్రమించి సంపాదించుకొని యుంచుకొనుట పాపము కాదు, దానికై యితరులకు కీడు చేయుటయే పాపము. ఇట్లే మానవ ప్రభుత్వము నంతటిని గూడ నతడు ఒక్క వేటున నిరాకరింపలేదు.

టాల్‌స్టాయి ఆ యేటనే బలూకు నేరుగా సమాధానమిచ్చెను. ఆక్షేపములన్నింటికి తాను ప్రత్యుత్తరమీయ ననియు, అట్లు వాదించుటవలన ఫలము లేదనియు చెప్పి, ఒక్క విషయమును మాత్రము స్పష్టపఱచెను. ఆచరణమున రాజీ యెల్లప్పుడును ఉండును. సిద్ధాంతమున రాజీ కూడదు. గణిత శాస్త్రమునందలి సరళరేఖను ఎవడును నిర్దుష్టముగా గీయజాలడు. అంతమాత్రమున సరళరేఖకు వేఱొక నిర్వచనమును ఎవడు నీయడు. అప్రతీకారము నట్టిదే. బలూ రచనలు రెండు రష్యా భాషలోనికి చక్కగా అనువదింపబడి, విశ్వాసుల నడుమ ప్రచారములో నున్నవని గూడ నా లేఖలో తెలియజేసెను. లోకము మఱచిన వృద్ధునకు అంతకంటె ప్రియమైన వార్త యుండబోదు.

ఈ సరళరేఖా దృష్టాంతము చదువరులను వెంటనే వశపఱచుకొనును. దానిని చూచి వాదము టాల్‌స్టాయి పక్షమున ముగిసినదని తలచుటకు అవకాశము కలదు. మా యభిప్రాయమున అట్లు కాదు. సూక్ష్మముగా పరికించినచో టాల్‌స్టాయి బలూ అడుగని ప్రశ్నకు సమాధానమిచ్చెను. బలూ సిద్ధాంతమునుండి కొంత తగ్గింపు నడుగలేదు. ఉన్మత్తుని పట్టియుంచుటను అతడు సిద్ధాంతమునకు మినహాయింపుగా చెప్పలేదు. సిద్ధాంతముయొక్క పరిధిలోనే యున్నదనెను. అతని నిర్వచనమున నిషిద్ధమైనది బలప్రయోగము కాదు, అపకారము. కావున వివాదము సరళరేఖను ఎంత చక్కగా గీయగలమన్న దానిని గూర్చి కాదు. సరళరేఖ యనగా నేమన్న దానిని గూర్చి. హింసయనగా నితరుని శరీరముపై బలము చూపుటయా, లేక యితరునకు కీడు చేయుటయా? ఈ ప్రశ్న యొద్ద టాల్‌స్టాయి నిలువక ముందుకు సాగిపోయెను.

అయినను అతని భయమునకు కారణము లేకపోలేదు. ఉన్మత్తుడెవడని నిర్ణయించు వారెవరు? చెఱసాలను కట్టిన ప్రతి ప్రభుత్వమును, ఉరికంబమును నాటిన ప్రతి న్యాయాధిపతియు, తాను ప్రమాదకారులను లోకహితమునకై యాపుచున్నానని చెప్పగలడు. రష్యా ప్రజాజీవనమున టాల్‌స్టాయి ప్రతిదినమును చూచుచుండిన దదియే. హాని లేని బలమను చిన్న తలుపు తెఱచినచో దాని గుండ రాజ్యమంతయు దూరునని యతడు శంకించెను. బలూ భయము వేఱు. తల్లులును, రోగులకు పరిచర్య చేయువారును ఆచరింపజాలని ధర్మమును జనులు పూజించి ప్రక్కకు పెట్టుదురు. ఆపద వచ్చినపుడు సంపూర్ణ హింసకే పాల్పడుదురు. 1861 లో తన మిత్రులు చేసినది యదియే యని యతడు కన్నులార చూచియుండెను. ఇరువురును తమతమ దేశానుభవమునే సిద్ధాంతముగా మార్చుకొనిరనుట సత్యదూరము కాదు.

మన వాఙ్మయమున నీ ప్రశ్న క్రొత్తది కాదు. మహాభారత కర్ణపర్వమందు శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పిన బలాకుడను వ్యాధుని కథ చదువరులెఱిగినదే. సర్వభూతములను చంప నిశ్చయించుకొనిన గ్రుడ్డి మృగమును చంపి బలాకుడు స్వర్గమునకు పోయెను. అదే ప్రకరణమున సత్యవ్రతమును అక్షరశః పాలించిన కౌశికుడు నరకమునకు పోయెను. బలాకుని కథ బలూ చూపిన హద్దును దాటి చాల దూరము పోవుచున్నది. అక్షరమునకు కట్టుబడుట ధర్మమా, ప్రయోజనమును చూచుట ధర్మమా యను సందేహమున కైనను మూలమొక్కటియే.

ఆస్తి విషయమున మాత్రము టాల్‌స్టాయి మాటకే బలమెక్కువయని మాకు తోచుచున్నది. హోప్‌డేల్ కూలుటకు ఎవ్వరును ఎవ్వరిపై చేయిచేసికొనలేదు. డ్రేపర్ సోదరులు చట్టబద్ధముగా తమ వాటాల సొమ్ము తాము తీసికొనిరి. ఈ కారణముచేత అది హింసకు సంబంధింపని యార్థిక వైఫల్యమని చెప్పువారు గలరు. కాని వాటాపత్రమునకు విలువ యెచ్చటనుండి వచ్చినది? దానిని మన్నించు న్యాయస్థానమునుండి. న్యాయస్థానపు టాజ్ఞ యెట్లు చెల్లును? దాని వెనుక నుండు బంట్రౌతుల బలముచేత. రాజ్యబలమును నిరాకరించి, వోటు వేయక, కోర్టుకెక్కక జీవించిన సమాజము తన మూలధనమును మాత్రము ఆ రాజ్యబలముపైననే నిలుపుకొనియుండెను. ఈ సంగతి దానిలోనివారు గుర్తింపలేదు. టాల్‌స్టాయి వేలుపెట్టి చూపినది యిదియే. అతనికి స్వయముగా నీ చిక్కు తప్పలేదనుట వేఱు మాట. 1891 లో నతడు 1881 తరువాత వ్రాసిన గ్రంథములపై హక్కులను విడిచెను. మరుసటి యేడు భూములను భార్యాబిడ్డలకు పంచియిచ్చెను. విడిచిన ఆ యాస్తి నడుమనే 1910 వఱకు నివసించెను.

బలూ 1890 ఆగస్టు 5వ తేదీన మరణించెను. వాదము తేలలేదు. ఆ సంవత్సరము డిసెంబరులో విల్సన్ లేఖలను కూర్చి 'అరీనా' పత్రికలో ప్రకటించెను. మరణవార్తను గూర్చి యొక పత్రిక ప్రకటించిన వ్యాసమును టాల్‌స్టాయి తరువాత పేర్కొనియున్నాడు. బలూ 8,000 మొదలు 9,000 వఱకు ప్రసంగములు చేసెననియు, 1,000 వివాహములు జరిపించెననియు, 500 వ్యాసములు వ్రాసెననియు అందు లెక్కచెప్పబడినదట. కాని జీవితమంతయు నతడు దేనికై ధారవోసెనో ఆ యప్రతీకారము పేరైనను అందు లేదట. ఈ మౌనమును టాల్‌స్టాయి క్షమింపలేకపోయెను. 'దేవుని రాజ్యము నీలోనే యున్నది' అను గ్రంథపు తొలి ప్రకరణమును అతడు గారిసన్ ప్రకటనముతోడను, బలూ ప్రశ్నోత్తరమాలికతోడను ఆరంభించుటకు ఇట్టి విస్మృతియే కారణమని యా ప్రకరణము చదివినవారికి తెల్లమగును. ఒకడు చంపిన హంతకుడు, పదుగురు చంపినను, నూఱుగురు చంపినను హంతకులే. మఱి యెందఱు చేరినచో హత్య సుకృతమగును? అని బలూ తన చిన్న పుస్తకమొకదానిలో వేసిన ప్రశ్నను గూడ నతడచ్చట సంగ్రహించెను. ఉన్మత్తుని గూర్చిన వివాదమును మాత్రమందు పెంచలేదు. మృతుడైన మిత్రుని యెడ నది యౌచిత్యమే కావచ్చును. కాని దానివలన గ్రంథము చదివినవారికి బలూ తనకంటె కఠినుడైన సిద్ధాంతవాదిగా తోచెను.

ఆ గ్రంథము రష్యాలో నిషిద్ధమై, 1894 లో పరదేశమున ముద్రితమయ్యెను. ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా నుండిన గాంధీ దానిని చదివి ముగ్ధుడయ్యెనని ఆత్మకథవలన తెలియుచున్నది. తొలి ప్రకరణముననే బలూ యుండుటవలన, గాంధీకి బలూ భావములు టాల్‌స్టాయి చేతిమీదుగా నందినవనుట నిశ్చయము. 15 ఏండ్ల తరువాత, 1909 అక్టోబరు 1న, లండనునుండి గాంధీ టాల్‌స్టాయికి తొలి లేఖ వ్రాసెను. ట్రాన్స్‌వాల్ భారతీయుల పోరాటమును వివరించి, తారకనాథ దాసునకు టాల్‌స్టాయి 1908 లో వ్రాసిన లేఖను ప్రచురించుటకు అనుమతి వేడెను. 1910 ఏప్రిల్‌లో 'హింద్ స్వరాజ్' ఆంగ్లానువాదమును పంపెను. 1910 సెప్టెంబరులో టాల్‌స్టాయి వ్రాసిన దీర్ఘలేఖ యా పరంపరలో చివరిది. రెండు నెలలు గడచుటతోడనే యతడు మరణించెను.

ఆ చివరి లేఖలో టాల్‌స్టాయి మాస్కోలోని యొక బాలికల విద్యాలయపు పరీక్షను వర్ణించెను. చంపుట యెల్లప్పుడును నిషిద్ధమేనా యని మతాధికారి యడుగగా, యుద్ధమునను, శిక్షయందును తప్ప అను పాఠమును అప్పగింపవలసిన బాలిక, ఎల్లప్పుడును నిషిద్ధమేయని పట్టుబట్టెనట, మతాధికారి నోరుమెదపలేకపోయెనట. మినహాయింపు నొప్పుకొనిన క్షణముననే ప్రేమధర్మము నశించునని టాల్‌స్టాయి తాత్పర్యము. 82 ఏండ్ల వయస్సున నతడు ఇంకను బలూతో వాదించుచున్నట్లే మాకు తోచుచున్నది.

గాంధీ ఈ ప్రశ్నను తన దారిని తేల్చుకొనెను. 1926 లో అహమ్మదాబాదున నొక మిల్లు యజమాని 60 వీధికుక్కలను చంపించుటపై పెద్ద గగ్గోలు పుట్టెను. అప్పుడు గాంధీ 'యంగ్ ఇండియా'లో వరుసగా వ్యాసములు వ్రాసి, కత్తి చేతబట్టి కనబడినవారి నెల్ల నఱకుచు పోవు ఉన్మత్తుని ప్రాణములతో పట్టుకొనుట సాధ్యము కానపుడు, వానిని చంపినవాడు సమాజముయొక్క కృతజ్ఞతకు పాత్రుడగునని స్పష్టముగా చెప్పెను. టాల్‌స్టాయి కట్టరాదన్న ఉన్మత్తుని బలూ కట్టవచ్చుననెను. గాంధీ యవసరమైనచో చంపవచ్చుననెను! 1928 లో ఆశ్రమమున నొక దూడ భరింపరాని బాధ పడుచుండగా దానికి మరణము కల్పించినపుడును అతడు ఉద్దేశ్యమునే కొలతగా పెట్టెను. స్వార్థము లేక, ఆ జీవి మేలు కోరి చేసినది హింస కాదనెను. ఈ కొలత బలూ కొలతకు చాల దగ్గఱ. ప్రభావమను మాటను మేమిచ్చట వాడుట లేదు. పోలికను మాత్రమే చూపుచున్నాము. మఱియొక పోలిక యింకను విచిత్రమైనది. 1946 జులైలో 'హరిజన్' పత్రికయందు తన గ్రామస్వరాజ్య చిత్రమును సమర్థించుచు, యూక్లిడు చెప్పిన బిందువును ఎవడును గీయలేకపోయినను దాని విలువ తరుగదు గదా యని గాంధీ వ్రాసెను. టాల్‌స్టాయి సరళరేఖకు నిది తోబుట్టువే. ఆచరణమున బలూ మార్గమును, ఆదర్శమును చెప్పునపుడు టాల్‌స్టాయి మార్గమును గాంధీ యవలంబించెనని మేము తలచుచున్నాము. రెండింటి నడుమ నున్న యెడమును పూడ్చుట కతడు ప్రయత్నించినట్లు కానరాదు.

1910 లో జోహానెస్‌బర్గు సమీపమున సత్యాగ్రహుల కుటుంబములకై స్థాపింపబడిన టాల్‌స్టాయి క్షేత్రమునందే ఈ యెడము కనబడును. సుమారు 1,100 ఎకరముల ఆ నేల గాంధీ మిత్రుడైన హెర్మన్ కాలెన్‌బాకుది. అతడు దానిని అద్దె లేకుండ సత్యాగ్రహుల కిచ్చెను. ఆస్తి యను మాటకే యర్థము లేదన్న మహనీయుని పేర వెలసిన క్షేత్రమునకు పట్టా మాత్రము ఒకని పేరుననే యుండెను. అందు నివసించినవారిలో గుజరాతీలు, తమిళులు, ఉత్తర హిందూస్థానమువారితో పాటు ఆంధ్రులును ఉండిరని గాంధీ తన 'దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రము'లో వ్రాసెను. ఆ ప్రదేశమున పాములెక్కువ. మొదట వానిని చంపరాదని నియమము. ఒకనాడు కాలెన్‌బాక్ గదిలో, తఱుముటకుగాని పట్టుటకుగాని వీలులేని చోట నొక పాము కనబడెను. విద్యార్థి యొకడు గాంధీని పిలిచి, చంపుట కనుమతి యడిగెను. గాంధీ యనుమతించెను. దానిని చేతితో పట్టుటకుగాని, మఱియొక విధముగా నపాయమును తొలగించుటకుగాని తనకు ధైర్యము లేకపోయెననియు, ఆ ధైర్యము నప్పటికిని తాను సంపాదించుకొనలేదనియు అదే గ్రంథమున వ్రాసికొనెను.